ఉన్నతపాఠశాల యెన్నిక – బిడ్డ దినచర్య
(వార్షికమహాసభయందు గావించిన ఉపన్యాసము)



ఈ మహాసభలో విద్యావిషయమున నాలుగుమాటలు చెప్పుడని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. వారికి మా కృతజ్ఞతావందనములు. 34 సంవత్సరములు బడిపంతులుగా నుండి విరమించినవానిని విద్యనుగూర్చి మాటాడుమన్నచో గంట మ్రోగువఱకు నాపడు. ఆ భయము మీకున్నట్లే మాకును గలదు. కావున విద్యామహిమ, మాధ్యమవివాదము, నేటి బాలుర క్రమశిక్షణ మున్నగు పెద్దవిషయముల జోలికి పోక ఒక చిన్నవిషయమునే మీ ముందుంచుచున్నాము. పరీక్ష పెట్టి పిల్లలను ఏఱుకొను పేరుమోసిన ప్రైవేటు ఉన్నతపాఠశాలలో మన బిడ్డకు సీటు వచ్చినది. చేర్పింపవలెనా, వలదా? ఈ ప్రశ్నకు సమాధానమును ర్యాంకుల పట్టికలో వెదకుట మనకు అలవాటైనది. దానిని బిడ్డ దినచర్యలో వెదకవలెనని మా మనవి.

మా తండ్రిగారు వారములు చేసికొని చదివినవారు. పిన్నలకు ఈ మాట తెలియకపోవచ్చును. పల్లెనుండి చదువునకై పట్టణమునకు వచ్చిన బీదవిద్యార్థి సోమవారమొకరి యింట, మంగళవారము వేఱొకరి యింట, ఇట్లు ఏడు దినములును ఏడు గృహములలో భుజించి చదువుకొనెడివాడు. మా తండ్రిగారికి గురువారము కుదరలేదు. ఆనాడు అటుకులు నానబెట్టుకొని తినెడివారట. వ్యాకరణములో ఏ సూత్రము మఱచినను ఆ గురువారములను మాత్రము ఆయన కడవఱకు మఱవలేదు. ఇట్టి కష్టము నెఱిగియే తెలుగుదేశమున పెక్కు కులసంఘములవారు విద్యార్థివసతిగృహములను నిర్మించిరి. హైదరాబాదులో 1918వ సంవత్సరమున రాజాబహద్దరు వేంకటరామారెడ్డిగారి పూనికతో వెలసిన రెడ్డి హాస్టలు అందఱెఱిగినదే. చెప్పు గురువు దొరకినను, చదువు బాలుడు ఎక్కడ పరుండును, ఏమి తినును అను ప్రశ్న తీరనిదే చదువు సాగదని ఆ పెద్దలకు తెలియును. 'గురుకులవాసము' అను సమాసములో మన దృష్టి గురువుమీదనే నిలుచును. వాసమన్న పదమును ఎవరును పట్టించుకొనరు. మేమును పట్టించుకొనలేదు. ఆ కథయే ఇపుడు చెప్పవలసియున్నది.

మాకొక మనుమరాలు గలదు. ఆమె యేడవతరగతి ముగించినపుడు, మేము కాపురముండు చిన్నపట్టణమునకు 26 కిలోమీటరుల దూరముననున్న ఒక ప్రసిద్ధపాఠశాలవారు పెట్టిన పరీక్షలో నెగ్గినది. మా కుమారుడు దూరమని సందేహించెను. చేర్పింపుమని పట్టుబట్టినవారము మేమే. ఆ పాఠశాల ఫలితములను పదియేండ్లుగా వార్తాపత్రికలలో చూచుచున్నాము; గణితోపాధ్యాయులు సమర్థులని విన్నాము. ప్రయోగశాల చూచితిమి, గ్రంథాలయము చూచితిమి. మరుగుదొడ్లు చూడలేదు. బస్సు ఏ యే గ్రామములు తిరిగివచ్చునో అడుగలేదు.

కారులో 40 నిమిషముల దారి. పాఠశాల బస్సు తొమ్మిది గ్రామములు చుట్టి పోవును. 6.05కు మా వీథిమొగలో నెక్కిన పిల్ల 7.25కు బడిలో దిగును. సాయంకాలము 5.20కి బయలుదేరిన బస్సు 6.50కి ఇల్లు చేర్చును. మొత్తము 2 గంటల 50 నిమిషములు. ఇది చిన్నలెక్కవలె కన్పట్టును. బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కుచట్టము 2009వ సంవత్సరపుది, 2010 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినది. అది 6 నుండి 8 వఱకు గల తరగతులకు ఏడాదికి కనీసము 220 పనిదినములు, 1000 బోధనగంటలు ఉండవలెనని విధించినది. ఆ 220 దినములతో మా బస్సులెక్క గుణించిచూచితిమి: 620 గంటలకు పైచిలుకు. చట్టము కోరిన చదువులో అయిదింట మూడువంతులకంటె నెక్కువకాలము మా మనుమరాలు కిటికీచువ్వ పట్టుకొని కూర్చున్నదన్నమాట. ఈ గుణకారము చేర్పించుటకు పూర్వము చేయదగినది. మేము చేసినది ఏడాది కడపట.

ఆమె 4.45కు లేచెడిది. రాత్రి భోజనముచేసి, ఇంటిపని ముగించి పరుండునప్పటికి 10.30 అగుచుండెను. 13 మొదలు 18 ఏండ్ల వయస్సువారికి దినమునకు 8 మొదలు 10 గంటల నిద్ర వలయునని అమెరికా నిద్రావైద్యసంఘమువారు 2016లో నిర్ణయించిరి. మా పిల్లకు దొఱకినది ఆఱుంబావు గంటలు. ఎనిమిదింటినే ప్రమాణముగా గైకొన్నను, ఆఱుదినముల వారమునకు పదిన్నర గంటల నిద్ర బాకీ. 'తాతయ్యా, ఆదివారము మాత్రము నన్నెవ్వరును లేపవద్దు' అని ఆమె మమ్ము వేడుకొనినపుడు బద్ధకమనుకొని ఒక చిన్న ఉపన్యాసము చేసితిమి. ఇక మా కోడలు నాలుగుగంటలకే లేచి పొయ్యి ముట్టించెడిది. ఆమె నిద్రను కూడ లెక్కింపవలెనని మా యింట పురుషులలో నొక్కరికిని తోచలేదు.

అయిదున్నరకు డబ్బాలో సర్దిన అన్నము 12.40కి తినవలెను. ఏడుగంటలు! మాఘమాసమువఱకు ఎట్లో గడచినది. ఎండలు ముదిరినపిదప పప్పన్నము వాసనవేయుచున్నదనియు, పెరుగన్నము పులిసిపోవుచున్నదనియు పిల్ల పులిహోర, చపాతీలతో కాలము గడపినది. సంచిని ఒకనాడు పచారీకొట్టు కాటాపై తూచితిమి; డబ్బాతో, సీసాతో 7 కిలోలు. 2020లో కేంద్రవిద్యాశాఖవారు వెలువరించిన పుస్తకసంచి విధానములో బరువు పిల్లవాని బరువులో పదవవంతు మించరాదని యున్నది. మా మనుమరాలి బరువు అపుడు 38 కిలోలు.

ఇవన్నియు మాకు కొంత తెలిసినవే. తెలియనిదానిని మా యింటి యిల్లాలు కనిపెట్టినది. సాయంకాలము సంచి విప్పి గిన్నెలు తోముచు ఆమె యొకనాడు 'ఈ సీసాలో నీళ్ళు ప్రొద్దున పోసినట్లే యున్నవేమి?' అనినది. మఱునాడును అట్లే, ఆ మఱునాడును అట్లే. అడుగగా పిల్ల చాలసేపు చెప్పలేదు. కడకు నాయనమ్మ చెవిలో చెప్పినది. విరామము పదినిమిషములు, ఆడుపిల్లల మరుగుదొడ్లు నాలుగు, అందొకటి తలుపు పడనిది, విరామము దాటినపిదప పోవలెనన్న తరగతియందఱి యెదుట లేచి అనుమతి యడుగవలెను. అందుచే ఆమె నీరు త్రాగుటయే మానుకొన్నది. అప్పటికి రెండు పర్యాయములు మూత్రసంబంధమైన జ్వరము వచ్చినది. వైద్యురాలు 'నీళ్ళు త్రాగుచున్నదా?' అని అడిగినపుడు, సీసా నింపి పంపుచున్నామని మేము ధీమాగా చెప్పియుంటిమి.

ఆడుపిల్లలకును మగపిల్లలకును వేర్వేఱు మరుగుదొడ్లు, సురక్షితమైన త్రాగునీరు, ఆటస్థలము ప్రతిపాఠశాలకు నుండవలెనని పైచట్టమునకు చేర్చిన అనుబంధములోనే యున్నది. ఉన్నవా యని అడిగిన ఉన్నవనియే సమాధానము వచ్చును. ఎన్ని యున్నవి, ఎందఱికి, విరామమెంత యని అడుగవలెను. మాతృమూర్తులకు మా ప్రత్యేకవిన్నపము: ప్రవేశపత్రము కొనుటకు పోయినపుడు ముందుగా అక్కడికి పోయి చూచిరండు. కార్యాలయములోని పటములను తరువాత చూడవచ్చును.

బస్సునుగూర్చి ఇంకొక మాట. 2014 జూలై 24వ తేదిని మెదకుజిల్లా మాసాయిపేటవద్ద కాపలాలేని రైలుగేటు దాటుచున్న పాఠశాల బస్సును రైలు ఢీకొనగా పలువురు పసివారు మరణించిరి. 2019 నాటికి బ్రాడ్‌గేజి మార్గములపై అట్టి కాపలాలేని గేట్లను తొలగించిరి. అది మేలే. అయినను చోదకుడు ఎన్నాళ్ళుగా ఆ దారిని నడుపుచున్నాడు, పిల్లల నెక్కించి దింపుటకు వెంట మనిషి యున్నదా, సీట్లకు మించి ఎక్కించుచున్నారా, బస్సు చెడిపోయిననాడు కబురెవరు చేయుదురు, ఇవి తండ్రి అడిగి తెలిసికొనవలసినవి. ఒకవర్షాకాలపు సాయంత్రము మా పిల్ల 9.15 వఱకు ఇల్లు చేరలేదు. చక్రము దిగబడినదట. ఆ రెండుగంటల ఇరువదియైదు నిమిషములు మా యింట గడచిన విధమును వర్ణింపజాలము.

హాస్టలులో నుంచిన ఈ బాధ లేదుగదా యని కొందఱనవచ్చును. బస్సు బాధ లేదు, నిజమే. 1971లో అప్పటి నల్లగొండజిల్లా సర్వేలులో ప్రభుత్వమువారు గురుకులపాఠశాల నెలకొల్పినది మొదలు, నివాసవిద్యవలన మేలుపొందిన బీదబిడ్డలు అసంఖ్యాకులు. కాని ప్రైవేటు హాస్టలులో చేర్చువారు ఫలితములతోపాటు వంటశాలను చూడవలెను. ఎందఱు పిల్లలకెన్ని స్నానపుగదులు, రాత్రి మేలుకొనియుండు పెద్దవారెవరు, జ్వరము వచ్చిన వైద్యుడెంతదూరము, బిడ్డ తల్లితో మాటాడు సమయములో పక్కన ఎవరైన నిలిచియుందురా? ఈ కడపటి ప్రశ్నకు తడబడు హాస్టలును మేమైతే వదలివేయుదుము.

పరీక్షపెట్టి ఏఱుకొనుటను గూర్చి ఒక ధర్మసూక్ష్మము గలదు. పైచట్టములోని 13వ ప్రకరణము 6 మొదలు 14 ఏండ్ల బాలలను చేర్చుకొనునపుడు వడపోతపరీక్షలు నిషేధించి, మొదటి తప్పునకు 25,000 రూపాయల వఱకు, పిదప ప్రతిమారు 50,000 రూపాయల వఱకు జుల్మానా విధించినది. అయినను ప్రతిభాపరీక్షయనియు, ఉపకారవేతనపరీక్షయనియు నామాంతరములతో అది జరుగుచునే యున్నది. వడపోత ప్రవేశముతో ఆగదు. నెలనెలా పరీక్షలు పెట్టి మార్కులనుబట్టి పిల్లలను పై తరగతివిభాగమునుండి క్రిందివిభాగమునకు దింపు పద్ధతి యున్నదేమో కనుగొనవలెను. మా మనుమరాలు రెండుమారులు దిగి ఒకమారెక్కినది. ఎక్కిననాడును ఆ ముఖమున సంతోషము మాకు కనబడలేదు.

భాషావిషయము చెప్పక దాటినచో మా వృత్తికే ద్రోహమగును. మేము సంస్కృతము చదివి, సంస్కృతము చెప్పి బ్రదికినవారము. ఇంటర్మీడియట్టులో మార్కులు సులువుగా వచ్చునని సంస్కృతమును ద్వితీయభాషగా తీసికొని, దేవనాగరి యక్షరములు కుదురుగా వ్రాయనేరకయే నూటికి తొంబదియైదు తెచ్చుకొను పిల్లలను ఎందఱినో చూచితిమి. ఆ పుణ్యముననే మా శిష్యులలో కొందఱికి ఉద్యోగములు దొరకినవి కనుక గట్టిగా దూషింపజాలము. తెలంగాణములో 2018 నాటి చట్టముచే పదవతరగతివఱకు తెలుగుబోధన తప్పనిసరియైనది. ఏ రాష్ట్రమున నైనను, తెలుగుగంట కాలపట్టికలో నున్నదా యని గాక, ఆ గంటలో గణితము చెప్పుచున్నారా యని అడుగుడు.

ఖర్చులనుగూర్చి మేము చెప్పనక్కఱలేదు; ఈ సభలో వ్యాపారస్థులే యెక్కువ. బోధనరుసుమునకు బస్సు, దుస్తులు, పుస్తకములు చేర్చి మొత్తము వ్రాసి యిమ్మని అడుగుడు. అంతియే.

మా మాటలనుబట్టి పేరుగల పాఠశాలలన్నియు చెడ్డవని యెవరును తలపరాదు. మా మనుమరాలి గణితోపాధ్యాయుడు నిజముగా గొప్పవాడు. పాఠశాలకు దగ్గఱనే యిల్లున్నవారికి, అక్కడికి కాపురము మార్చగలవారికి అదియే బడి మంచిబడి కావచ్చును. ఏడాది ముగిసినపిదప మేమామెను మా యింటికి 3 కిలోమీటరుల దూరముననున్న సామాన్యపాఠశాలకు మార్చితిమి. రాబోవు సంవత్సరమునకని ముందుగా కట్టిన సొమ్ము తిరిగి రాలేదు. ఆమె సైకిలుపై పోవును, 9.30కి నిద్రించును, మధ్యాహ్నము వేడి యన్నము తినును, సీసా ఖాళీగా వచ్చుచున్నది. గణితమున వెనుకటికంటె మార్కులు తగ్గినవి. దానిని దాచము. మా కుమారునకు ఈ విషయమున ఇప్పటికిని మనస్సు పూర్తిగా కుదుటపడలేదు. ఒక్కొక్కప్పుడు మాకును అంతే.

గడచినమాసమున మన జిల్లాశాఖ సమావేశము ముగిసినతర్వాత ఒక సోదరుడు మమ్ము కలిసికొని, తన కుమారునకు అట్టి పాఠశాలలో ఎనిమిదవతరగతికి సీటు వచ్చినదనియు, బస్సు 5.50కి అనియు, సొమ్ము కట్టుటకు ఇరువది దినములే గడువనియు చెప్పి సలహా యడిగెను. 'మమ్మడుగకుడు. పాఠశాలవారి యనుమతితో ఒక పనిదినమున ఆ బస్సులో మీరే పోయి, అయిదింటికి సర్దిన డబ్బా అక్కడనే మధ్యాహ్నము తిని, సాయంకాలపు బస్సులో తిరిగిరండు. ఆ రాత్రి గంటలన్నియు ఒక కాగితముమీద వ్రాయుడు' అంటిమి. 'పంతులుగారూ, దినమంతయు దుకాణము మూసికొని పోవుట నావలన అగునా!' అని ఆయన నవ్వెను. మేమేమియు అనలేదు. కొంచెముసేపు నిలుచుండి, సోమవారము పోయివచ్చి ఉత్తరము వ్రాసెదనని చెప్పి వెడలెను. ఆ ఉత్తర మింకను రాలేదు.