బిట్‌కాయిన్ వాటా తగ్గితే చిన్న కాయిన్లు లేస్తాయా?

(చెన్నైలో జరిగిన యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఆ మధ్య ఆరాధన అయ్యాక ఒక తమ్ముడు మా దగ్గరికొచ్చి అడిగాడు: "అయ్యగారూ, బిట్‌కాయిన్ డామినెన్స్ తగ్గుతోందంట. ఇప్పుడు చిన్న కాయిన్లు కొంటే పదింతలవుతాయంట. అక్క పెళ్లికని కడుతున్న చీటీ పాడేశాను, సగం పెట్టేశాను. మిగతా సగం కూడా పెట్టనా?" మేము వేదాంతం చదువుకున్నవాళ్లం, మార్కెట్ మాకు తెలియదు. అయినా పెళ్లి చీటీ అనేసరికి ఊరుకోలేక కూర్చుని లెక్క నేర్చుకున్నాం.

డామినెన్స్ అంటే మరేం లేదు. క్రిప్టో కాయిన్లన్నిటి మొత్తం విలువలో బిట్‌కాయిన్ వాటా ఎంత అన్నది. 2017 మొదట్లో అది 85 శాతం దాకా ఉండేది, 2018 జనవరికి 40 లోపుకి దిగింది. మళ్లీ 2021 జనవరిలో 70 దగ్గర ఉన్నది మే నాటికి 40కి వచ్చింది. ఆ నెలల్లో చిన్న కాయిన్లు కొన్నవాళ్లలో కొందరు బాగానే సంపాదించారు, అబద్ధం కాదు. ఆ కథలే మీ ఫోన్లలో తిరుగుతున్నాయి. ఆ తర్వాత ఆ కాయిన్లలో చాలావాటికి ఏమైందో చెప్పే వీడియో మాత్రం ఎవరూ పంపరు.

ఒక లెక్క వేద్దాం. బజారు మొత్తం 100 రూపాయలనుకోండి. బిట్‌కాయిన్ 60, మిగతావన్నీ కలిపి 40. జనానికి భయం పుట్టింది. బిట్‌కాయిన్ 54కి పడింది, మిగతావి 28కి పడ్డాయి. మొత్తం 82. ఇప్పుడు బిట్‌కాయిన్ వాటా దాదాపు 66 శాతం! తాను నష్టపోయి కూడా వాటా పెంచుకుంది. భయమేస్తే జనం ముందు చిన్నవే అమ్ముతారు. వాటికి కొనేవాళ్లు తక్కువ, కొద్దిమంది అమ్మినా ధర కూలుతుంది. బిట్‌కాయిన్ 2021 నవంబరులో 69,000 డాలర్లకు చేరి, ఏడాదికి 16,000 దాకా పడింది, 2024 మార్చికి మళ్లీ పాత ధర దాటింది. లూనా అనే కాయిన్ 2022 మేలో దాదాపు 80 డాలర్ల నుంచి వారం పది రోజుల్లో ఒక సెంటు కూడా చేయనిదైంది. లేవలేదు. అప్పుడది పెద్ద పది కాయిన్లలో ఒకటి, మరి చిన్నవాటి మాటేమిటి?

సరే, వాటా తగ్గితేనో? అప్పుడూ చిన్నవి లేవాలని లేదు. టెథర్ లాంటి డాలరు కాయిన్లు కూడా "మిగతా" లెక్కలోనే ఉంటాయి. బిట్‌కాయిన్ అమ్మి అందులో దాచుకుంటే వాటా తగ్గుతుంది, మన తమ్ముడి కాయిన్‌కు పైసా రాదు. పైగా 2024 జనవరిలో అమెరికాలో బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లు వచ్చాయి. ఆ దారిన వచ్చే డబ్బు బిట్‌కాయిన్‌లోనే ఆగిపోతుంది, కిందికి పారదు.

మన దేశంలో పన్ను సంగతి కూడా చూడండి. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం. ఒక కాయిన్‌లో పోయింది ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేసుకోనివ్వరు. ఆ జులై నుంచి పరిమితి దాటిన అమ్మకాల మీద 1 శాతం టీడీఎస్. బిట్‌కాయిన్ ఇచ్చి చిన్న కాయిన్ తీసుకున్నా అది అమ్మకమే.

2024 జులైలో వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజిలో 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన కాయిన్లు దొంగలు దోచారు. పోనివాళ్లు కూడా నష్టం పంచుకోవాలన్నప్పుడు, ఎక్స్‌ఆర్‌పీ కొనుక్కున్న ఒకామె మన మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. క్రిప్టో కూడా ఆస్తేనని 2025 అక్టోబరులో కోర్టు చెప్పింది. మంచి తీర్పే. అయితే ఆస్తి అన్నంత మాత్రాన దాని ధరకు కోర్టు పూచీ పడదు.

తలాంతుల ఉపమానం చూపించి "పాతిపెట్టకూడదు కదా అయ్యగారూ" అనేవాళ్లూ మనలో ఉన్నారు. ఆ దాసులు అక్క పెళ్లి చీటీ పెట్టలేదు నాయనా.

ఆ తమ్ముడు మిగిలిన సగం ఇంట్లో ఇచ్చేశాడు. పెట్టిన సగం సంగతి వాళ్లమ్మకు చెప్పడానికి మేమూ వెంట వెళ్లాం. మీలో అలా చెప్పుకోలేక ఉన్నవాళ్లుంటే, కూడిక అయ్యాక కాసేపు ఆగండి.