వానకు తగిన పంట



ఆత్తిపట్టులో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పలువురికి స్వగ్రామంలో ఎకరమో రెండెకరాలో మెట్టభూమి ఇంకా ఉన్నది. తొలకరి సమీపించగానే ఊరినుండి ఫోనులో ఒక ప్రశ్న వస్తుంది: ఈ యేడు అప్పు తెచ్చి మరొక బోరు వేయించాలా, లేక పంటనే మార్చాలా?

ఆ ప్రశ్నకు సమాధానం ఈ పరిసరాలలోనే ఉన్నది. సమీపంలోని మీంజూరు ప్రాంతంలో దశాబ్దాలపాటు భూగర్భజలాన్ని అతిగా తోడినందువలన సముద్రపు ఉప్పునీరు నేల అడుగుకు చొచ్చుకువచ్చింది. లోతుగా తవ్వినంతమాత్రాన నీరు పెరగదు. పంటకు తగిన నీటిని వెతకడం కంటె, ఉన్న నీటికి తగిన పంటను వెతకడం వివేకం.

ఎంపికకు మూడు కొలతలు ఉన్నవి: వాన, నేల, పంటకాలం. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావలసి ఉండగా, చిరుధాన్యాలలో చాలావరకు 350-400 మిల్లీమీటర్లతోనే పండుతాయి. సామ, కొర్ర దాదాపు 80-90 రోజులలో చేతికి వస్తాయి. వాన ఆలస్యమైన యేట ఇవే ఆదుకొంటాయి. తేలికపాటి ఎర్రనేలకు సజ్జ, కొర్ర, ఉలవ అనువైనవి. తేమను నిలుపుకొనే నల్లరేగడికి జొన్న తగినది. కంది నిదానంగా ఎదిగినా, దాని వేరు లోతుకు దిగి, వానలు వెనుదిరిగిన తరువాత కూడా నేలలోని తేమను అందుకొంటుంది.

ఒకే పంటను నమ్ముకొనడంలో ప్రమాదమున్నది. సాలీనా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే అనంతపురం సీమలో ఒకనాటి కొర్ర, జొన్న చేలను వేరుసెనగ ఆక్రమించింది. ఊడలు దిగే వేళ వాన ముఖం చాటేస్తే చేనంతటికీ నష్టమే. ఇందుకు భిన్నమైన మార్గాన్ని తెలంగాణలోని జహీరాబాదు ప్రాంతపు మహిళా సంఘాలు చూపినవి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో అక్కడి పేద రైతుమహిళలు ఒకే చేనులో జొన్న, కంది, కొర్ర, అలసంద వంటి అనేక పంటలను కలిపి పండిస్తారు. ఒకటి ఎండినా మరొకటి గింజనిస్తుంది. విత్తనాన్ని ఇండ్లలోనే దాచి, ఒకరికొకరు బదులిచ్చుకొంటారు. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది.

భూమి లేనివారికీ ఇందులో పాలున్నది. పట్టణవాసి కొనే ధాన్యమే రైతు విత్తే ధాన్యం. అయితే ఇక్కడి అంగడిలో పేర్ల విషయమై జాగ్రత్త అవసరం. ఉత్తరాంధ్రలో చోళ్ళు అంటే రాగులు. తమిళంలో చోళం అంటే జొన్న. తమిళుల వరగు తెలుగువారి అరికె. తెలుగువారి వరిగను వారు పనివరగు అంటారు. కేళ్వరగు రాగి, కంబు సజ్జ, తినై కొర్ర, కొళ్ళు ఉలవ. తినుటకు కొన్నపుడు ఈ పొరపాటు ఒక పూట వంటతో పోతుంది. విత్తనానికి కొన్నపుడు ఒక కారు పంటను పోగొడుతుంది.

ఋతువు సైతం వేరు. తెలంగాణలోను, రాయలసీమలోను జూన్ మొదలు సెప్టెంబరు వరకు కురిసే నైరుతి వానలే ముఖ్యం. తిరువళ్ళూరు జిల్లాలో అక్టోబరు-డిసెంబరు నెలల ఈశాన్య వానలకు ప్రాధాన్యం ఎక్కువ. కనుక ఊరి అదను ఇక్కడి పెరటికి పనికిరాదు. కుండీలలో, పెరళ్ళలో గోరుచిక్కుడు, అలసంద, గంగవాయిలికూర కొద్దిపాటి నీటితో బ్రతుకుతాయి. మొదళ్ళ వద్ద ఎండుటాకులు పరచినచో తేమ మరికొంతకాలం నిలుస్తుంది.

ఈసారి ఊరినుండి ఫోను వచ్చినపుడు, బోరు ఎన్ని అడుగులని అడుగుటకు ముందు, మూడు సంగతులు అడుగుట మేలు: నిరుడు వాన ఎన్ని రోజులు కురిసినది? నేల ఎటువంటిది? తాతలనాడు ఆ చేనులో ఏమి పండేది? అప్పు చేయవలసిన అవసరం ఉన్నదో లేదో ఆ జవాబులే చెప్పగలవు.