పంటిపోటు తగ్గింది సరే, వైద్యం పూర్తయిందా?



ఇంట్లో ఎవరికి పంటిపోటు వచ్చినా ఇల్లంతా ఎత్తి పోస్తారు. ఇల్లాలు మాత్రం లవంగం బుగ్గన పెట్టుకుని వంటపని కానిస్తుంది. ఒక రాత్రి బొత్తిగా నిద్ర పట్టనప్పుడు గాని ఆమెకు డాక్టరు గుర్తుకు రారు. తీరా వెళ్తే "రూట్ కెనాల్ చెయ్యాలి" అంటారు. ఆ మాటకే చాలామంది హడలిపోతారు. నన్నడిగితే, ఆ వైద్యం కన్నా దాన్ని సగంలో వదిలెయ్యడానికే ఎక్కువ భయపడాలి.

పంటి నడుమ మెత్తని గుజ్జు ఉంటుంది. అందులో రక్తనాళాలు, నరాలు ఉంటాయి. పుచ్చు అక్కడిదాకా పోతే గుజ్జు వాస్తుంది. చుట్టూ గట్టి పన్ను, వాపుకు చోటెక్కడ? అందుకే అంత పోటు. డాక్టరు మత్తు సూది ఇచ్చి, గుజ్జు తీసేసి, వేళ్ళలోని సన్నని దారులను శుభ్రం చేసి మూసేస్తారు. ఒక్కసారిలో అయిపోవచ్చు, రెండు మూడు సార్లు రమ్మనవచ్చు.

చిక్కంతా ఇక్కడే ఉంది. మొదటిసారికే పోటు చాలావరకు తగ్గుతుంది. చర్ల, దుమ్ముగూడెం పల్లెల నుంచి భద్రాచలం వచ్చి వెళ్ళాలంటే ఒక రోజు కూలి పోయినట్లే. ఖమ్మంలోని దంత వైద్య కళాశాలకైతే భద్రాచలం నుంచే 100 కిలోమీటర్ల పైమాట. మిరప కోతలో, తునికాకు రోజులో అయితే ఇక చెప్పనక్కరలేదు. "నొప్పి లేదుగా, మళ్ళీ ఎందుకు?" అని ఆగిపోతాం. పైన పెట్టిన తాత్కాలికపు సిమెంటు కొన్నాళ్ళకు అరుగుతుంది. సందులోంచి ఉమ్మి దిగి, క్రిములు మళ్ళీ చేరతాయి. నరం తీసేశారు గనుక ఈసారి పన్ను ముందుగా చెప్పకపోవచ్చు. దవడ వాచాకే తెలుస్తుంది.

అందుకని మొదటి రోజే అడగండి: ఎన్నిసార్లు రావాలి, తొడుగుతో కలిపి ఎంతవుతుంది? వీలైతే వానలకు ముందే పూర్తి చేయించుకోండి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటి దారులు మునిగిన సంగతి మనకు తెలిసిందే గదా!

బి.పి., షుగరు, గుండె జబ్బు, గర్భం, ఏదైనా మందు పడకపోవడం, మన గిరిజన కుటుంబాల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బు - ఇవి ఉంటే ముందే చెప్పండి. బాగా వాచిన కింది దవడ పంటికి మత్తు ఒక్కోసారి సరిగా ఎక్కదు. ఓర్చుకోకుండా చెయ్యి ఎత్తండి, మళ్ళీ మత్తు ఇస్తారు.

ఇంటికొచ్చాక మత్తు దిగేదాకా ఏమీ నమలకండి, పెదవి కొరుక్కుంటారు. రెండు మూడు రోజులు పన్ను ఆనితే సలపడం మామూలే. జావ, మెత్తని అన్నం రెండో పక్కన తినండి. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ వంటివి డాక్టరు చెప్పిన మోతాదులోనే వేసుకోవాలి. గర్భిణులు, కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు అడగకుండా ఐబుప్రొఫెన్ వాడకూడదు. జ్వరం ఉండి డెంగీ అనుమానం ఉన్నా అంతే. యాంటీబయాటిక్ నొప్పి మాత్ర కాదు. పక్కింటి వారికి మిగిలినవి తెచ్చి మింగకండి. చిగురు మీద పొగాకు, ఆస్పిరిన్ పెడితే పుండు పడుతుంది. వాచిన బుగ్గకు వేడి కాపడం వద్దు.

రోజురోజుకూ నొప్పి పెరిగినా, వాపు వచ్చినా, సిమెంటు ఊడినా తిరిగి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. వాపు గొంతు కిందికి దిగినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం, ఊపిరి కష్టమైనా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి చేరాలి. అప్పుడది పంటి జబ్బు కాదు, ప్రాణం మీదికి వచ్చినట్లే.

చివరి మాట. వేరు వైద్యమైన దవడ పన్ను పెళుసుగా ఉంటుంది, తొడుగు వేయించుకోకపోతే విరిగే ప్రమాదం ఎక్కువ. పిల్లల ఫీజు, పొలానికి ఎరువు అయ్యాక చూద్దామని మన పన్ను ఎప్పుడూ వెనక్కే పోతుంది. ఈసారి మాత్రం ఆ రెండో తారీఖు గోడ మీది క్యాలెండరులో రాసి, ఇంట్లో అందరికీ చూపించండి. సెలవు.