బడిలో హాలోవీన్: ఏ బిడ్డయు వెలుపల నిలువకూడదు



అమెరికాలోనున్న మనవారి యిండ్లనుండి అక్టోబరు నెలాఖరున మనుమల ఫోటోలు మన ఫోనులకు వచ్చుచున్నవి. ఒకడు ఎముకల గూడు వేషములో, ఒకతె మంత్రగత్తె వేషములో బడికి పోవుచున్నారు. హైదరాబాదులోని కొన్ని ప్రైవేటు పాఠశాలలుకూడ ఈ హాలోవీన్ జరుపుచున్నవి. "ఇది దయ్యముల పండుగ కాదా, అయ్యగారూ?" అని మన తల్లులు అడుగుచున్నారు.

మొదట పేరు చూతము. 'హాలో' అనగా పాత ఇంగ్లీషులో పరిశుద్ధుడు. నవంబరు 1 సకల పరిశుద్ధుల దినము. దాని ముందటి సాయంకాలమే హాలోవీన్. నవంబరు 2న మనము సమాధులకు సున్నము వేసి, పూలుంచి, కొవ్వొత్తులు వెలిగించుటయు ఆ వరుసలోనిదే. ఐర్లండువారు టర్నిప్ దుంపను తొలిచి దీపము పెట్టెడివారు. 19వ శతాబ్దమున అమెరికాకు వలసపోయిన తరువాత అక్కడి గుమ్మడికాయను తొలిచిరి. ఇక వేషము మనకు క్రొత్తదా? పగటి వేషములు, పీర్ల పండుగలో పులివేషములు మన సీమవారెరిగినవే. మన జిల్లాలోని గూగూడు కుళ్ళాయస్వామి పీర్లకు హిందువులును ముస్లిములును కలిసియే పోవుదురు.

కాబట్టి మనము అడుగవలసినది వేషమును గూర్చి కాదు, బడిని గూర్చి. గుడి పండుగకు ఇష్టమున్నవారు వత్తురు. బడికి ఊరంతటి పిల్లలు వత్తురు. అమెరికాలో కొన్ని బడులు అన్ని మతములవారును కలియునట్లు దీనిని కోతకాలపు పండుగగానో, కథలలోని పాత్రల దినముగానో మార్చుకొనినవి. మన పామిడిలో వాన తప్పిన యేడు, కుట్టుకూలిమీద బ్రదుకు ఇంటిలో అద్దె వేషమునకు రూకలెక్కడివి? ఆ ఉదయము బిడ్డ కడుపునొప్పి అని పడుకొనును. ఆ నొప్పి ఏ దయ్యమువలనను వచ్చినది కాదు.

1950లో ఫిలడెల్ఫియాలో క్లైడ్ అలిసన్ అను ప్రెస్బిటీరియన్ పాస్టరుగారును, ఆయన భార్య మేరీ ఎమ్మాయును ఒక పని చేసిరి. మిఠాయి అడుగబోవు పిల్లల చేతికి ఖాళీ పాలడబ్బాలిచ్చి, కష్టములోనున్న ఇతర దేశముల పిల్లలకొరకు చిల్లర అడిగించిరి. వచ్చినది 17 డాలర్లు. దానిని యునిసెఫ్‌కు పంపిరి. ఆ చిన్న డబ్బా తరువాత దేశమంతట తిరిగినది. తమకు అడుగుకొను పిల్లలు ఇతరులకొరకు అడుగ నేర్చిరి.

మన పిల్లల బడి ఇట్టి వేడుక చేయదలచినయెడల మూడు మాటలు చెప్పుదము. వేషమునకు రుసుము వద్దు. దర్జీ అంగళ్లలో మిగిలిన గుడ్డపీలికలు చాలును. చిన్నపిల్లలను జడిపించు వేషము వద్దు. వేషము మనస్సాక్షికి ఒప్పని ఇంటి బిడ్డను మూలకు కూర్చుండబెట్టక, ఆ చిల్లర డబ్బా ఆ బిడ్డ చేతికే ఇయ్యవలెను. ఇవి కుదరనిచో ఆ వేడుక మానుటయే మేలు.

ఊరి బిడ్డలందరిని మన బిడ్డలుగా చూచు మనస్సును ప్రభువు మనకు అనుగ్రహించును గాక.