టెలివిజను వెనుక నున్న మూడక్షరములు



గత సంవత్సరమున మా యింటికి క్రొత్త టెలివిజను వచ్చినది. నా భార్యకు వినికిడి తక్కువ. పురాణప్రవచనములు స్పష్టముగ వినవలెనని స్పీకర్ల పెట్టెను గూడ తెచ్చి, రెంటికిని తీగ తగిలించితిమి. చిత్రము కనబడెను గాని పెట్టె పలుకలేదు. తీగ నాసిరకమనిన యొక వర్తకుని మాట నమ్మి, హెచ్చు వెలగల తీగ కొంటిని. ఫలితము శూన్యము.

దోషము తీగది కాదు. హెచ్.డి.ఎం.ఐ. యను నీ తీగపద్ధతి 2002లో వెలువడినది. ధవళేశ్వరపు ఆనకట్ట కాలువలు పూర్వము పంటనీటిని, పడవలను గూడ మోసినట్లు, ఇది చిత్రమును, శబ్దమును అంకెల రూపమున నొక్కటిగ కొనిపోవును. అయితే టెలివిజను వెనుకనున్న పోర్టులలో పెక్కు లోనికి పుచ్చుకొనునే గాని వెలికి నీయవు. శబ్దమును వెలికి పంపునది 'ఏ.ఆర్.సి.' యని ఆంగ్లాక్షరములు గల పోర్టు మాత్రమే. ఈ సదుపాయము 2009లో వచ్చినది. రెండువైపులను ఆ గుర్తుగల పోర్టులందే తీగ నుంచి, సెట్టింగులలో బయటి స్పీకరును ఎన్నుకొనవలెను.

ఆ గుర్తు లేని పాత సెట్టునకు ఆప్టికల్ పోర్టున్నచో ఆ తీగ చాలును. అది వెలుగుద్వారా శబ్దమును మాత్రమే పంపును. కొనలనున్న మూతలు తీసి పెట్టవలెను, గట్టిగ మడవరాదు.

అంకెలు చెడక చేరినచో చౌకతీగయు, ఖరీదుతీగయు సమానమే. కావున సొమ్మిచ్చుటకు ముందు సెట్టు వెనుక చదువుడు. ఏండ్లతరబడి పిల్లలచే అక్షరములు దిద్దించిన నేను మూడక్షరములు చూడక నష్టపోతిని.

ఇప్పుడు మా యింటిది "కొంచెము తగ్గించండి" అనుచున్నది.