శిష్యుని ప్రశ్న



నా వలన జరిగిన ఒక పొరపాటును నేడు మీ ముందుంచుతున్నాను.

మక్తబ్‌లో జకాత్ పాఠం చెబుతున్నాను. బంగారానికి నిసాబ్ 7.5 తులాలు, వెండికి 52.5 తులాలు అన్నాను. రెండూ కొంచెం కొంచెం ఉంటే వెల కట్టి కలపాలన్నాను. ఒక బాలుడు లేచి, "ఉస్తాద్ గారూ, మా అమ్మీ దగ్గర 3 తులాల బంగారం, 21 తులాల వెండి ఉన్నాయి. ఒక్కొక్కటి నిసాబ్‌లో అయిదింట రెండు వంతులే. కలిపినా నాలుగు వంతులే గదా, వెల ఎందుకు కట్టాలి?" అన్నాడు. ఆ తల్లి వితంతువు, కుట్టుపనితో ఇల్లు గడుపుతున్నది. నేను, "పెద్దలు చెప్పినది వ్రాసుకో, ఎదురు ప్రశ్నలు వద్దు" అన్నాను. నాటి నుండి ఆ బాలుడు అన్నీ చక్కగా వ్రాసుకొంటున్నాడు. ఏమీ అడుగుట లేదు.

ఆ రాత్రి ఫిఖ్‌హ్ గ్రంథం తెరచి సిగ్గుపడ్డాను. వెల కట్టి కలపాలన్నది ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) గారి మాట. ఆయన శిష్యులిద్దరూ, అబూ యూసుఫ్, ముహమ్మద్ గార్లు, వంతుల ప్రకారమే కలపాలన్నారు. 200 దిర్హమ్‌ల తూకానికి తక్కువైన వెండి పాత్ర, పనితనం వలన ఎంత వెల పలికినా, దానిపై జకాత్ లేదు గదా, కావున లెక్క తూకానిదే అని వారి వాదన. గురువుగారి వాదనకూ బలమున్నది: రెండు వేర్వేరు లోహాలు ఒకటయ్యేది వెలలోనే. ఫత్వా కూడా సాధారణంగా ఆయన మాట మీదనే. అయినను, నేను నోరు మూయించినది ఆ ఇద్దరు ఇమాములు పలికిన మాటనే!

కూఫాలో పట్టువస్త్రాల వర్తకుడైన అబూ హనీఫా గారు సమస్యను శిష్యుల నడుమ ఉంచి వాదింపజేసేవారు. తాను నేడు చెప్పినది రేపు విడిచిపెట్టవచ్చునని, విన్నదెల్లా వ్రాసుకోవద్దని అబూ యూసుఫ్ గారిని హెచ్చరించినట్లు కథనమున్నది. హిజ్రీ 150 (క్రీ.శ. 767)లో ఆయన పరమపదించారు. శిష్యుల భిన్నాభిప్రాయాలు నేటికీ హనఫీ గ్రంథాలలో గురువు మాట ప్రక్కనే ఉన్నాయి. వారిని అవిధేయులని ఎవ్వరూ అనలేదు. ఆ అబూ యూసుఫ్ గారే తరువాత హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీ అయ్యారు.

తోచినదెల్లా మాట్లాడుట వేరు సుమా. ఆ శిష్యులు ఆధారం చూపి విభేదించారు. ఈ బాలుడూ లెక్క చూపియే అడిగినాడు.

రేపటి పాఠంలో మొదట అతనిని క్షమాపణ కోరుతాను. పిమ్మట రెండు వాదనలూ చెప్పి, "నీకు ఏది బలమైనదిగా తోచుచున్నది నాయనా, ఎందుకు?" అని అడుగుతాను.