ముదిరిన ప్లాస్టిక్: బలం పెరిగి ఓర్పు తగ్గే కథ



ప్లాస్టిక్ వస్తువు పెళుసుబారిందంటే ఎండ మీదో, రసాయనాల మీదో నెపం వేస్తాం. ఈ పూట నేను చెప్పబోయే మార్పుకు అవేవీ అక్కర్లేదు. చీకటి గదిలో, ఒకే ఉష్ణోగ్రత దగ్గర, ఎవరూ ముట్టుకోకుండా ఉంచినా పాలీకార్బొనేట్, పాలీస్టైరీన్, గట్టి పీవీసీ ముదురుతూనే ఉంటాయి. ఒక్క రసాయన బంధమూ తెగదు.

కరిగిన పాలిమర్ చల్లారుతుంటే దాని గొలుసులు సర్దుకుంటూ వస్తాయి. పాలీస్టైరీన్‌లో 100 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో, పాలీకార్బొనేట్‌లో 150కి కాస్త కిందుగా, ఆ సర్దుబాటు చల్లారే వేగాన్ని అందుకోలేక ఆగినంత పనవుతుంది. అదే గాజు స్థితి. గొలుసులు బిగుసుకున్నాయే గానీ సమతాస్థితికి చేరలేదు. అందుకే ఆ తరవాతా మెల్లగా దగ్గరకు జరుగుతుంటాయి. కిక్కిరిసిన బస్సులో జనం సర్దుకున్నకొద్దీ పక్కవారికి కదిలే చోటు తగ్గినట్టే, పదార్థం ముదిరేకొద్దీ ఇంకా ముదిరే వేగమూ తగ్గుతుంది.

దీన్ని తిరుగులేకుండా చూపించినవాడు నెదర్లాండ్స్ శాస్త్రవేత్త స్ట్రూయిక్. 1978లో వచ్చిన ఆయన పుస్తకంలోని ఒక ప్రయోగాన్ని నేను ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. గట్టి పీవీసీని 90 డిగ్రీల నుంచి ఒక్కసారిగా చల్లార్చి, ఏళ్ల తరబడి ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఉంచాడు. మధ్యమధ్యలో చిన్న భారం మోపి క్రీప్, అంటే ఆ భారం కింద మెల్లగా సాగే తీరు, కొలిచాడు. వెయ్యి రోజులైనా మార్పు ఆగలేదు. వయసు పదింతలైతే సాగే వేగం దాదాపు పదో వంతుకు పడిపోయింది. అంత ఓపికగా ఒక పదార్థాన్ని కనిపెట్టుకుని కూర్చోవడమే నా దృష్టిలో గొప్ప శాస్త్రం.

క్రీప్ తగ్గడం మంచిదే కదా అనిపిస్తుంది. చిక్కు ఇక్కడే ఉంది. ముదిరిన ముక్కను లాగితే లొంగడానికి, అంటే శాశ్వతంగా సాగడం మొదలవడానికి, ఎక్కువ బలం కావాలి. ఒకసారి లొంగిందా, తట్టుకునే బలం అంతే లోతుగా జారిపోతుంది. అప్పుడు ముక్కంతా సమంగా సాగదు. లొంగిన చోటే మళ్లీ మళ్లీ సాగి, వికృతి, అంటే ఆకారంలో వచ్చే మార్పు, అంతా ఒక సన్నని పట్టీలో గుమిగూడుతుంది. గొలుసుల చిక్కుముళ్లు దట్టంగా ఉన్న పాలీకార్బొనేట్ అలా గుమిగూడటాన్ని చాలావరకు ఆపుతుంది. చిక్కుముళ్లు పలచగా ఉన్న పాలీస్టైరీన్ ఆపలేదు, పుటుక్కున విరుగుతుంది. గాటు పెట్టిన చోట బాగా ముదిరిన పాలీకార్బొనేటూ అలాగే విరుగుతుంది.

ఇప్పుడు అదే పాలీస్టైరీన్ రేకును రెండు రోలర్ల మధ్య గట్టిగా నొక్కి, మందంలో దాదాపు మూడో వంతు తగ్గించి బయటికి తీయండి. ఇందాక విరిగిన పదార్థమే ఇప్పుడు వంగుతుంది, లాగితే సమంగా సాగుతుంది. ఆ గుణం నిలవదు. గంటలు గడవకముందే మళ్లీ పెళుసవుతుంది. పాలీకార్బొనేట్‌లోనైతే ఆ గుణం నెలల తరబడి ఉంటుంది. వికృతి ముదురును చెరిపిందన్నమాట. 2009లో అమెరికాలో మార్క్ ఎడిగర్ బృందం యాక్రిలిక్ గాజులో కలిపిన రంగు అణువులు తిరిగే తీరు చూసి, సాగదీస్తున్నప్పుడు లోపలి చలనం వెయ్యి రెట్ల దాకా పెరగవచ్చని నేరుగా కొలిచింది.

ఇలా ముదురు చెరగడాన్ని నిజమైన యవ్వనం అనవచ్చా? పాలిమర్ శాస్త్రవేత్త మెకెన్నా వంటివారు ఒప్పుకోలేదు. నొక్కి వదిలిన గాజు, కొత్తగా చల్లార్చిన గాజు ఒకటి కావని వారి వాదం. నేనూ అటే మొగ్గుతాను. మెత్తబడటం ఒక్కటే చూసి రెండూ ఒకటే అనలేం. కంప్యూటర్ నమూనాల్లో చిన్న వికృతి గాజును ఇంకా ముదిర్చిన ఉదాహరణలూ ఉన్నాయి.

కర్మాగారంలో పనిచేసేవారికి ఒక మాట. లోపలి ఒత్తిడి తీసేయడానికి పాలీకార్బొనేట్ భాగాలను 120 డిగ్రీలకు పైన ఎనీల్ చేస్తారు, అంటే కొంతసేపు ఆ వేడిలో ఉంచుతారు. ఒత్తిడి పోతుంది, దాంతోపాటే పదార్థం త్వరత్వరగా ముదిరి దెబ్బకు ఓర్చుకునే గుణం తగ్గుతుంది. ఆ ముదురును పూర్తిగా పోగొట్టాలంటే గాజు స్థితి దాటేలా వేడి చేయాలి, అప్పుడు ఆకారం చెడుతుంది. అందుకే టెస్ట్ రిపోర్టులో గ్రేడు, మందం పక్కన మరో రెండు వివరాలు రాయమని ప్రాధేయపడుతున్నాను: ఆ ముక్కను అచ్చులోంచి తీసిన తేదీ, ఆ తరవాత అది చూసిన అత్యధిక ఉష్ణోగ్రత.